ఒరియాక్ బడుల్లో ఏడు అంకె

2018 అక్టోబరు 1వ తేదీ, సోమవారం నాడు, మధ్య ఫ్రాన్సులోని కాంతాల్ జిల్లాకు ముఖ్యపట్టణమైన ఒరియాక్‌లో ఇంగ్లీషు భాషా సహాయకురాలిగా ఉద్యోగంలో చేరాను. ఏడు నెలల ఆ ఉద్యోగంలో నాకు అన్నింటికంటే ఎక్కువ నేర్పినవి క్రిస్మస్ సెలవులకు ముందు గడిచిన తొలి మూడు నెలలు. వాటి గురించి తీరిగ్గా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందుగా ఈ ఉద్యోగం ఏమిటో చెప్పాలి. వివిధ దేశాల యువతీయువకులను ఫ్రెంచి ప్రభుత్వం ఏటా తన బడులకు పిలిపించుకుంటుంది. వారు తమకు వచ్చిన భాషను అక్కడి ఉపాధ్యాయుల పక్కన నిలబడి పిల్లలకు వినిపిస్తారు. ప్యారిస్ పక్కనున్న సెవ్ర్‌లోని ఒక ప్రభుత్వ సంస్థ ఈ పనిని నడిపిస్తుంది. నేను వెళ్ళేనాటికి దాని పేరు సీఐఈపీ, 2019లో ఆ పేరు మారింది. నియామకం అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఉంటుంది. వారానికి పన్నెండు గంటల పని. ఆ ఏడాది అన్ని కోతలూ పోను చేతికి వచ్చేది నెలకు సుమారు 790 యూరోలు. ప్యారిస్‌లో ఆ డబ్బుతో బతకడం కష్టమే కాని ఒరియాక్ వంటి చిన్న ఊళ్ళో గది అద్దె 300 యూరోలు పోయినా నెల సాఫీగానే గడిచేది. తొలి జీతం చేతికందడానికి కొంత సమయం పట్టవచ్చనీ, వెయ్యి యూరోల దాకా వెంట తెచ్చుకోవడం మంచిదనీ ముందే చెప్పారు. ఆ మాటను తేలికగా తీసుకోకపోవడమే నాకు మేలు చేసింది.

మాది కాకినాడ దగ్గరి పల్లెటూరు. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలోనే చదివాను. మా పెద్దమ్మగారిది యానాం కావడంతో, 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఆ ఊళ్ళో ఫ్రాన్సు నుంచి పింఛను అందుకునే పెద్దలను చిన్నతనంలోనే చూశాను. ఆ భాష మీద ఆసక్తి అక్కడ మొదలైంది. ఆ తర్వాత హైదరాబాదులో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి చదివాను. ఫ్రెంచి అంటే నాకు ఏనాడూ భయం లేదు. నన్ను భయపెట్టింది ఇంగ్లీషే. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో అధ్యాపకుడు అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసి కూడా దాన్ని ఇంగ్లీషులో చెప్పలేక తరగతి మధ్యలో తలవంచుకుని నిలబడిపోయిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఇంగ్లీషునే చిన్నపిల్లలకు చెప్పడానికి దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్లు ప్రయాణం చేయడం విచిత్రమే, కాని ఆ భయాన్ని లోపలినుంచి ఎరిగి ఉండడమే అక్కడ నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది.

ప్యారిస్‌లోని బెర్సీ స్టేషన్‌లో రైలెక్కితే క్లెర్మోఁ ఫెరాఁ చేరడానికి మూడున్నర గంటలు పడుతుంది. అక్కడ చిన్న రైలులోకి మారి, చల్లారిపోయిన అగ్నిపర్వతాల మధ్యగా, లియోరాఁ సొరంగం దాటుకుంటూ మరో రెండున్నర గంటలు వెళితే ఒరియాక్ వస్తుంది. గొడుగుల తయారీకి పేరుపడ్డ ఊరు అది. ఎందుకు పేరుపడిందో మొదటి వారం వానలోనే తెలిసింది. నాకు మూడు బడులు ఇచ్చారు. రెండు పట్టణంలోనే ఉండేవి. మూడోది పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, కొండ మీది పల్లెలో ఉండేది. అక్కడ రెండు మూడు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చునేవారు. ఆ పల్లెకు బడివేళకు అందించే బస్సు లేదు. గురువారాలు ఉదయం ఏడూ నలభైకి ఊరి చివరి కూడలి దగ్గర నిలబడితే ఆ బడి ఉపాధ్యాయురాలు తన కారులో ఎక్కించుకునేది. నవంబరు మూడోవారంలో ఇంధన పన్ను పెంపుకు నిరసనగా పసుపుచొక్కాల ఆందోళన మొదలై అదే కూడలిలో కర్రలు పేర్చి మంటలు వేసుకుని జనం నిలబడిన రోజుల్లో కూడా ఆమె ఒక్క పూట నన్ను వదిలి వెళ్ళలేదు. పల్లె బడులకు వేసినవారికి నేను చెప్పగల మొదటి మాట ఇదే: మొదటిరోజే ఉపాధ్యాయుల గదిలో ఎవరు ఏ దారిన వస్తారో అడిగి తెలుసుకోవాలి. అడిగినంత మాత్రాన ఎవరూ చిన్నచూపు చూడరు.

కాగితాల పని సంగతి పొడిగించను. ఇల్లు అద్దెకు ఇవ్వడానికి ఒకరు బ్యాంకు ఖాతా చూపమంటే, ఖాతా తెరవడానికి ఒక బ్యాంకువారు ఇంటి చిరునామా చూపమన్నారు. పది రోజులపాటు ఆ రెండింటి మధ్య తిరిగాను. చివరకు ఎనభయ్యేళ్ళ ఒక పెద్దావిడ నా నియామక పత్రం ఒక్కటే చూసి తన ఇంట్లో మేడమీది గది ఇచ్చి, చిరునామా ధ్రువీకరణ తన చేత్తో రాసి ఇచ్చింది. ఆమె ప్రసక్తి మళ్ళీ వస్తుంది. జనన ధ్రువీకరణ పత్రానికి ప్రమాణం చేసిన అనువాదకుల చేత ఫ్రెంచి అనువాదం చేయించుకోవాలి. ఆరోగ్య బీమా సంఖ్యకు అది తప్పనిసరి. మన వైపు చాలామందికి ఆ పత్రంలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటుంది. దాన్ని బయలుదేరడానికి ముందే సరిచేయించుకోవడం ఉత్తమం.

ఇక బడి. ఫ్రాన్సులో ప్రాథమిక విద్య ఐదు తరగతులు: మన ఒకటో తరగతిని వాళ్ళు సే పే అంటారు, ఐదో తరగతిని సే ఎం డ్యో అంటారు. 2016 నుంచి ఒకటో తరగతిలోనే పరభాష మొదలవుతుంది. ఏడాదికి 54 గంటలు, అంటే వారానికి గంటన్నర. ఐదో తరగతి ముగిసేసరికి ఆ భాషలో తన గురించి నాలుగు ముక్కలు చెప్పుకోగలిగితే చాలునన్నది లక్ష్యం. సహాయకులు తరగతిని ఒంటరిగా నడపరు. ఉపాధ్యాయురాలు గదిలోనే ఉంటుంది, బాధ్యత ఆమెదే. మనం వినిపించాలి, ఆడించాలి, పలికించాలి. నేను మాత్రం మొదటిరోజు పది పేజీల పాఠ్యప్రణాళిక రాసుకుని వెళ్ళాను. అందులో మొదటి పేజీ కూడా సగానికి మించి నడవలేదు, ఎందుకంటే ఏడు అంకె దగ్గరే ఆగిపోయాం.

ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రెండో తరగతి పిల్లలకు ఒకటి నుంచి పది వరకు ఇంగ్లీషులో నేర్పుదామని నల్లబల్ల మీద అంకెలు వరసగా వేసి, వరస తప్పించి ఒక్కొక్కటే చూపుతూ అడుగుతున్నాను. ఏడు చూపితే గదంతా ఒక్క గొంతుతో ‘వన్’ అంది. నేను ‘నో’ అన్నాను. వాళ్ళు ఇంకా గట్టిగా ‘వన్’ అన్నారు. నేను సెవెన్ అంటే ఏమిటో వాళ్ళకు తెలియలేదేమో అనుకుని వేళ్ళు చూపి మళ్ళీ మొదలుపెట్టాను. వేళ్ళు చూపితే ‘సెవెన్’ అని సరిగానే అంటున్నారు, బల్ల చూపితే ‘వన్’ అంటున్నారు. అప్పుడు ఉపాధ్యాయురాలు వచ్చి, నా ఏడు నడుముకు ఒక అడ్డగీత గీసింది. వెంటనే గదంతా ‘ఆ!’ అని ఊపిరి వదిలింది. ఫ్రెంచి పిల్లలు ఒకటిని నిట్టనిలువు గీతగా రాయరు. కింది నుంచి పొడుగాటి వాలుగీత పైకి తీసి, అక్కణ్ణుంచి కిందికి దించుతారు. అడ్డగీత లేని మన ఏడు వాళ్ళ కంటికి అచ్చం ఒకటి అంకెలా కనిపిస్తుంది. ఏడును వేరుచేసేది ఆ అడ్డగీత. నేను వేసిన నిలువు ఒకటిని వాళ్ళు అంకెగానే గుర్తించలేదు.

అక్షరాల దగ్గరా అంతే. అక్కడి పిల్లల పుస్తకాల్లో ఎనిమిది మిల్లీమీటర్లకొక ముదురు గీత, దాని లోపల రెండేసి మిల్లీమీటర్ల ఎడంతో మూడు సన్నగీతలు ఉంటాయి. ఏ అక్షరం ఎన్ని సన్నగీతలు ఎక్కాలో, ఎన్ని దిగాలో లెక్క ఉంటుంది. సేయెస్ అనే ఆయన పంతొమ్మిదో శతాబ్దం చివర తయారుచేసిన ఆ గీతల పద్ధతి నేటికీ దేశమంతటా నడుస్తోంది. నేను గబగబా రాసిన గొలుసుకట్టు ఇంగ్లీషును ఏడేళ్ళ పిల్లలు చదవలేకపోయారు. ఆ వారాంతం ఒక పుస్తకం కొనుక్కుని, గదిలో కూర్చుని, వాళ్ళ వంపులూ వాళ్ళ ముడులూ దిద్దాను. పలకమీద ఓనమాలు దిద్దినప్పటి శ్రద్ధతోనే దిద్దాను.

ఉచ్చారణ విషయంలో మాత్రం తెలుగువాళ్ళకు ఒక అనుకూలత ఉందని నా నమ్మకం. ఫ్రెంచిలో హకారం పలకదు. ‘హ్యాపీ’ని పిల్లలు ‘ఆపీ’ అంటారు. సరిదిద్దితే అత్యుత్సాహంతో ‘యాపిల్’ను ‘హ్యాపిల్’ చేస్తారు. మనకు హ అనేది ఒక అక్షరం, దాని వెనక ఊపిరి ఉంటుందని చిన్ననాడే తెలుసు. పల్చని కాగితపు ముక్కను నోటికి ఎదురుగా పట్టుకుని, హ అంటే కాగితం కదలాలి, అ అంటే కదలకూడదు అని ఆట పెట్టాను. ఆ పది నిమిషాల ఆట పదిసార్లు సరిదిద్దడం కంటే నయమైంది. ‘షిప్’, ‘షీప్’ మధ్య తేడా ఫ్రెంచి చెవికి అందదు. మనకు ఇ, ఈ వేరువేరు అక్షరాలు. చేతిని పొట్టిగా, పొడుగ్గా చాపి హ్రస్వం, దీర్ఘం చూపించాను. ‘బ్లాక్ క్యాట్’ అనవలసినచోట పిల్లలు ‘క్యాట్ బ్లాక్’ అంటారు, వాళ్ళ భాషలో రంగు పేరు వెనక వస్తుంది కనుక. నల్ల పిల్లి అనే మనకు ఆ తప్పు రానే రాదు. వయసు చెప్పేటప్పుడు వాళ్ళు ‘ఐ హ్యావ్ సెవెన్’ అంటారు, ఫ్రెంచిలో ఏళ్ళను ‘కలిగి ఉంటారు’ కాబట్టి. ‘నాకు ఏడేళ్ళు’ అనే మనమూ ‘ఐ యామ్ సెవెన్’ను ఒకనాడు కష్టపడే నేర్చుకున్నాం, అందువల్ల ఆ తప్పు ఎక్కడినుంచి వస్తోందో నాకు ఇట్టే తెలిసేది.

నాలుక కొనను పళ్ళ మధ్య పెట్టి పలకవలసిన ‘త్రీ’, ‘దిస్’ వంటి మాటల దగ్గర మాత్రం అందరం సమానులమే. ఆ పిల్లలు స, జ అంటారు, మనం త, ద అంటాం. నేను చేతి అద్దాలు తీసుకెళ్ళి అందరికీ ఇచ్చి, నేనూ ఒకటి పట్టుకుని, నాలుక కనిపించేదాకా పిల్లలతో కలిసి సాధన చేశాను. నా ఇంగ్లీషులోని ట, డ లు ఇంగ్లండువారి పలుకులా ఉండవన్న బెరుకుతో, పిల్లలకు అవే అంటుకుంటాయేమోనని జిల్లాలో భాషా బోధనను చూసే సలహాదారుతో ఒకసారి అన్నాను. ఈ పిల్లలు రేపు మాట్లాడబోయే ఇంగ్లీషు లండన్‌వాళ్ళతో మాత్రమే కాదనీ, ఎన్ని గొంతులు వింటే అంత మంచిదనీ ఆమె బదులిచ్చింది. ఆ మాట తర్వాత నా గొంతు దానంతటదే పెరిగింది.

పిల్లలకు నా గురించి మొదట కలిగిన ప్రశ్న ఇంగ్లీషు గురించి కాదు. ఫ్రెంచిలో భారతీయులకూ, అమెరికాలోని ఆదివాసులకూ ఒకే మాట: ‘ఎందియెఁ’. నేను ఎందియెన్‌నని తెలియగానే మూడో తరగతిలో ఒక అబ్బాయి, మా ఇంట్లో గుడారం ఎంత పెద్దదని ఎంతో మర్యాదగా అడిగాడు. గ్లోబు తెప్పించి, ఫ్రాన్సు మీద ఒక వేలు, బంగాళాఖాతపు ఒడ్డు మీద ఒక వేలు పెట్టి చూపాను. ఆ తర్వాతి ప్రశ్న, నేను ‘ఇండియన్’ భాష మాట్లాడతానా అని. తెలుగు అన్న పేరు ఆ గదిలో ఎవరూ విని ఉండలేదు. విరామంలో నా దగ్గర వరసకట్టి, తమ పేర్లు తెలుగులో రాయించుకున్నారు. ఉ కీ ఇ కీ మధ్యన పలికే వాళ్ళ అచ్చుకు మన దగ్గర అక్షరం లేదని చెబితే, ఆ అచ్చు తన పేరులో ఉన్న ఒక అమ్మాయి నొచ్చుకుంది. ఆమెకోసం రెండు విధాలుగానూ రాసి ఇచ్చాను.

బొట్టు సంగతి కూడా రాయాలి, ఎందుకంటే వెళ్ళబోయే ఆడపిల్లలకు ఈ ఆలోచన వచ్చి తీరుతుంది. 1882 నాటి చట్టం నుంచి అక్కడి ప్రభుత్వ బడి మతానికి దూరంగా ఉంటుంది. పిల్లలు కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలు ధరించకూడదని 2004లో మరో చట్టం చేశారు, ఉద్యోగులకైతే తటస్థత ఇంకా కఠినమైన నియమం. శిక్షణ రోజున ఇది వివరించినప్పుడు, బొట్టు మతమా, అలంకారమా అని నన్ను నేనే అడుగుకున్నాను. మా అమ్మను అడిగితే ఒక జవాబు, మా చెల్లెలిని అడిగితే మరొక జవాబు వచ్చేది. ఒక ఆరేళ్ళ పిల్ల దాన్ని చూపి ఇదేమిటని అడిగితే మతం ప్రసక్తి లేకుండా పూర్తి నిజం చెప్పలేనని తోచింది. బడి రోజుల్లో పెట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఆ నియమం వెనకున్న ఉద్దేశాన్ని గౌరవించాను.

తరగతిలో నేను ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదని మొదట్లో అనుకున్నాం. ఫ్రెంచి రాదన్నట్టే ఉండమన్నారు. మూడోవారంలో ఆటస్థలంలో ఒక పిల్లవాడు జారిపడి మోకాలు చెక్కుకుపోతే, పరుగెత్తి అతన్ని ఎత్తుకుని ఏమీ కాలేదు నాన్నా అని ఫ్రెంచిలోనే ఓదార్చాను. అతను ఏడుపు ఆపి, కళ్ళు పెద్దవి చేసి, ‘నీకు ఫ్రెంచి వచ్చు!’ అన్నాడు. ఆ రోజు నుంచి ఉపాధ్యాయులూ నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాం: తరగతి గడప లోపల ఇంగ్లీషు, గడప బయట ఫ్రెంచి. లోపల పిల్లలు ఫ్రెంచిలో అడిగినా కోపపడేది లేదు. నేను ఇంగ్లీషులో జవాబు చెబుతాను, అంతే. వాళ్ళ నోట ఇంగ్లీషు మాట వచ్చినప్పుడు సంతోషిస్తాం, రానప్పుడు ఎదురుచూస్తాం.

ఈ ఏర్పాటు గురించి ఒక సాయంత్రం మా ఇంటావిడకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన తండ్రి సంగతి చెప్పింది. ఆయన చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి కాదు, అక్కడివాళ్ళు పతువా అని పిలిచే ఆక్సితాన్ భాష. బడిలో ఆ భాష మాట్లాడుతూ దొరికినవాడి చేతికి ఉపాధ్యాయుడు ఒక చెక్కముక్క ఇచ్చేవాడట. వాడు మరొకణ్ణి పట్టించి ఆ ముక్కను వదిలించుకోవాలి. సాయంత్రానికి అది ఎవరి దగ్గర ఉంటే వాడికి శిక్ష. ‘మా నాన్న మాతో పతువా మాట్లాడలేదండీ. అర్థం చేసుకోవడం వచ్చు, మాట్లాడడం నాకు రాదు’ అందామె. నేను 2009లో మన కడప జిల్లా మైదుకూరులోని ఒక బడిలో, తెలుగు మాట్లాడినందుకు, ఇక ఎన్నడూ తెలుగు మాట్లాడనని రాసిన పలకలు పిల్లల మెడలో వేసిన సంగతి ఆమెకు చెప్పాను. ‘ఈ మధ్యనే?’ అని అడిగింది. తొమ్మిదేళ్ళ కిందట అన్నాను. ఆమె నా చేతిమీద చెయ్యి వేసి కూర్చుంది.

ఆ మాటలు నాలో తిరుగుతూ ఉండగానే నవంబరు 11 వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి సరిగ్గా నూరేళ్ళు. మా పల్లె బడి పిల్లలు అమరుల స్తంభం దగ్గర నిలబడి జాతీయగీతం పాడారు. ఆ యుద్ధంలో భారతీయ సైనికులూ ఫ్రాన్సు నేలమీద చనిపోయారని, ఉత్తరాన నవ్ షపెల్‌లో వారి స్మారకం ఉందని నేను చెప్పినప్పుడు, స్తంభం మీది పేర్లు చదువుతున్న ఒక పిల్లవాడి తాతగారు ఆగి నా వైపు తిరిగారు. ఆయన పతువా ధారాళంగా మాట్లాడతారని కారులో తిరిగి వచ్చేటప్పుడు ఉపాధ్యాయురాలు చెప్పింది. ఒక పాఠం ఆలోచన ఆ దారిలోనే పుట్టింది.

డిసెంబరులో, సెలవులకు ముందటి గురువారం, ఆ తాతగారు బడికి వచ్చారు. నల్లబల్లను నిలువుగా నాలుగు భాగాలు చేశాం: ఇంగ్లీషు, ఫ్రెంచి, పతువా, తెలుగు. ఒకటి నుంచి పది వరకు ఆయన ఉన్, దోస్, త్రెస్ అంటూ నెమ్మదిగా చెబుతుంటే పిల్లలు అందుకున్నారు. ఫ్రెంచి ‘సెత్’, పతువా ‘సెత్’, ఇంగ్లీషు ‘సెవెన్’ ఒక కుటుంబంలా ఉన్నాయని తొమ్మిదేళ్ళ అమ్మాయి చెప్పింది. ‘ఏడు’ మాత్రం ఎందుకు వేరని అడిగింది. తెలుగు వేరే కుటుంబమని, అయితే సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్న ‘సప్త’ కూడా మా దగ్గర ఉందని చెప్పి, అది కూడా పక్కన రాశాను. తాతగారు దాన్ని రెండుమూడుసార్లు పలికి చూశారు.

చివర్లో తెలుగు అంకెలు ఎలా ఉంటాయో చూపమన్నారు. ఇప్పుడు మేమూ వీటిని అంతగా వాడమని చెప్పి, వరసగా రాశాను. పిల్లలు పుస్తకాలు తెరిచి, ౭ ఎన్ని సన్నగీతలు ఎక్కాలో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అడిగారు. నాకెవరూ అలా చెప్పలేదు. రెండు గీతలు అని అప్పటికప్పుడు నిర్ణయించాను. ఇరవై మందీ సిరాకలాలతో, నాలుక కొన బయటపెట్టి, రెండేసి గీతల ఎత్తున ౭ దిద్దడం మొదలుపెట్టారు.